వేగం వారి గొప్పా? సన్నిధి గొప్పా?

“ఫలానా కంపెనీ దొడ్డది, రెండు రోజుల్లో తెచ్చి గుమ్మంలో పెడుతుంది. ఫలానాది వట్టి దండుగ, పది రోజులు తిప్పుతుంది.” ఈ మధ్య మా నకరికల్లులో నలుగురు కూడిన చోట తరచుగా వినబడుతున్న మాట ఇది. ఒకప్పుడు విత్తనాల గురించీ ఎరువుల కొట్ల గురించీ జరిగిన వాదాలు ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్ళ గురించి జరుగుతున్నవి. వాదించుకొనడంలో తప్పు లేదు. కాని ఈ వాదంలో అన్ని పక్షాలవారూ ముందే ఒప్పుకొని కూర్చున్న మాట ఒకటి ఉన్నది. త్వరగా తెచ్చేవాడు సమర్థుడు, ఆలస్యంగా తెచ్చేవాడు సోమరి అనేది ఆ మాట. దాని వెంబడే తోకలాగ మరొక మాట వస్తుంది. పట్నంవాళ్ళకు పది నిమిషాల్లో వచ్చేది మనకు పది రోజుల్లో వస్తున్నదంటే లోపం మనదేనట, మన ఊరే వెనుకబడినదట. ఈ రెండు మాటలూ అసత్యాలని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. వాణిజ్యశాస్త్రం నా చదువు కాదు. అయితే ఈ విషయానికి కావలసినంత శాస్త్రం మా చదువులోనే ఉన్నది. వాక్యం వలన అర్థం బోధపడాలంటే మూడు ఉండాలని మన తార్కికులు నిర్ణయించారు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. అన్నంభట్టు తర్కసంగ్రహం ముట్టుకున్న ప్రతి విద్యార్థికీ ఇవి తెలుసు. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. ఆ రెండింటి అర్థాలకూ పొత్తు కుదరడం యోగ్యత. “నిప్పుతో తడుపు” అంటే పొత్తు కుదరదు. పదాలను వెంటవెంటనే పలకడం సన్నిధి. “ఆవును” అని పొద్దున పలికి “తీసుకొని రా” అని సాయంత్రం పలికితే, ఆ పలికినవాడి ఉచ్చారణ ఎంత స్వచ్ఛమైనదైనా, వినేవాడికి ఏమీ తెలియదు.

ఇప్పుడు దీనిని వర్తకానికి అన్వయించి చూడండి. కొనేవాడు పెట్టే ఆర్డరు ఆకాంక్ష. అమ్మేవాడి దగ్గర సరుకూ దానిని పంపే ఏర్పాటూ ఉండడం యోగ్యత. ఆ సరుకు కొనేవాడికి చేరువలో ముందుగానే ఉండడం సన్నిధి. ఆన్‌లైన్ అంగళ్ళ వేగంలో పెద్దపాలు ఈ మూడవదానిదే. యజమాని ప్రతిభ, యాప్ రంగులు, బండి నడిపే కుర్రవాడి చురుకుదనం, ఇవన్నీ మిగిలిన చిన్నపాలులో సర్దుకోవలసినవే. మహాశివరాత్రినాడు కోటప్పకొండ కింద ప్రభ వేళకు నిలబడి ఉన్నదంటే ఆనాడు ఎడ్లు పరుగెత్తాయని కాదు. ఆ ఊరివాళ్ళు ఎన్నో రోజుల ముందు పని మొదలుపెట్టారని అర్థం. చూసేవాడికి కనబడేది ప్రభ. కనబడనిది ముందటి పని.

ఒక పార్సెలు ప్రయాణం చూద్దాము. మీరు ఆర్డరు పెట్టిన క్షణంలో ఏ చక్రమూ కదలదు. ముందుగా గోదాములో ఒకరు అరలు వెదికి సరుకు తీయాలి. ఒకరు దానిని అట్టపెట్టెలో పెట్టి చిరునామా చీటీ అంటించాలి. ఆ రాత్రి బయలుదేరే లారీ వేళకు అది సిద్ధంగా ఉండాలి. అక్కడ పది నిమిషాలు తప్పితే పది నిమిషాల ఆలస్యంతో పోదు, మరునాటి లారీ దాకా ఆగవలసినదే. ఆపైన ఊళ్ళవారీగా విడదీసే కేంద్రం, అక్కడినుంచి ఇంకొక లారీ, ఇంకొక కేంద్రం, చిట్టచివర మోటారుసైకిలు. ఇందులో బండి మీద కదిలే కాలం కంటే నేల మీద పడి ఎదురుచూసే కాలమే ఎక్కువ. కనుక వేగం పెంచడమంటే బండిని ఉరికించడం కాదు, మజిలీలు తగ్గించడం. మజిలీలు తగ్గాలంటే సరుకు ముందే దగ్గరకు వచ్చి ఉండాలి.

మా పల్నాటి మిర్చి రైతుకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కరలేదు. గుంటూరు యార్డులో ధర లేచిన రోజున అమ్ముకోగలిగేది కల్లంలో కాయ ఉన్నవాడు కాదు, గుంటూరు శీతల గిడ్డంగిలో టిక్కీలు పెట్టుకున్నవాడు. ఇద్దరి కాయా ఒకటే, ఇద్దరి కష్టమూ ఒకటే. ఒకడికి గిడ్డంగి అద్దె కట్టే తాహతు ఉన్నది, రెండవవాడికి లేదు. అంతమాత్రాన రెండవవాడిని సోమరి అంటామా?

ఈ వ్యాపారం పుట్టుకలోనే ఈ సత్యం కనబడుతుంది. 2007లో బెంగుళూరులో మొదలైన ఫ్లిప్‌కార్ట్‌కు తొలి ఆర్డరు మన తెలుగునేల నుంచే వెళ్ళింది. మహబూబ్‌నగర్ వాసి ఒకరు ఆ ఏడు అక్టోబరులో జాన్ వుడ్ అనే రచయిత ఆంగ్లగ్రంథం కోరారు. ఆ పుస్తకం ఆ సంస్థ దగ్గర లేదు. స్థాపకులైన ఇద్దరు యువకులు బెంగుళూరు పుస్తకాల దుకాణాలు గాలించి, ఒక ప్రతి సంపాదించి పంపారు. వారిలో చురుకుదనానికి కొరత ఉన్నదా? ఆనాడు ఉన్నంత శ్రద్ధ ఆ సంస్థలో మరి ఏనాడూ ఉండి ఉండదు. లేనిది సన్నిధి. ఈనాడు అదే సంస్థ పట్నాలలో మరునాటికే తెచ్చి ఇస్తున్నదంటే కారణం శ్రద్ధ పెరగడం కాదు, గోదాములు పెరగడం. అమెజాన్ 2013 జూన్‌లో మన దేశంలో అడుగు పెట్టింది. ఆ తరువాతి సంవత్సరాలలో హైదరాబాదు శివార్లలో శంషాబాద్, కొత్తూరు వైపున పెద్దపెద్ద గోదాములు లేచాయి. ఆ 2013 డిసెంబరులోనే అమెరికాలో అమెజాన్‌కు ఒక పేటెంటు దక్కింది. కొనేవాడు ఆర్డరు పెట్టకముందే, అతడు పెట్టబోతాడని ఊహించి, సరుకును ఆ దిక్కుగా పంపివేసే పద్ధతికి ఆ పేటెంటు. ఆకాంక్ష పుట్టకముందే సన్నిధి కల్పించడమన్న మాట! తెలివి తెలివే, కాదనను. ఆ ఊహ ఎవరి గురించి చేస్తారన్నదే నా ప్రశ్న. ఒక వీధిలో వందమంది కొనేచోట ఊహ ఫలిస్తుంది. ఊరంతటికీ నెలకు నలుగురు కొనేచోట ఊహించే శ్రమ ఎవరూ పడరు.

ఇక అమ్మేవారి సంగతి. ఒకే యాప్‌లో రెండు వస్తువులు పక్కపక్కన కనబడతాయి. ఒకటి రేపు వస్తుంది, రెండవది తొమ్మిది రోజులకు వస్తుంది. చూసేవాడు మొదటి వర్తకుడు మంచివాడనుకుంటాడు. జరిగేది వేరు. మొదటివాడు తన సరుకును ముందుగా ఆ వేదికవారి గోదాములో పెట్టి, నిల్వకూ కట్టుబడికీ పంపిణీకీ రుసుములు చెల్లించాడు. రెండవవాడు సూరత్‌లోనో జైపూర్‌లోనో తన అంగట్లోనే ఉంచి, ఆర్డరు వచ్చాక కొరియరుకు అప్పగిస్తాడు. మీషో వంటి వేదికల మీద ఈ రెండవ పద్ధతి ఎక్కువ. అక్కడ వెల తక్కువగానూ రాక ఆలస్యంగానూ ఉండడానికి ఇది ముఖ్యకారణం. అంటే వేగం కూడా కొనుక్కోవలసిన సరుకే. కొనగలిగినవాడు పైవరుసలో కనబడతాడు. కొనలేనివాడు అడుగున పడి ఉంటాడు.

మంగళగిరి నేతగాడిని తలచుకోండి. మా ఊరికి వంద కిలోమీటర్లు కూడా లేని ఊరు. అతడు తన మగ్గం మీద నేసిన చీరను తానే ఆన్‌లైన్‌లో పెడితే, అది కేంద్రాలన్నీ తిరిగి వారానికి మా ఊరు చేరవచ్చు. అదే అంచు, అదే రంగు పెట్టి మరమగ్గం మీద నేసిన నకలు హైదరాబాదు గోదాములో ముందే కట్టలు కట్టుకొని ఉంటే మూడవనాడు వస్తుంది. వేగాన్ని చూసి మెచ్చి కొనేవాడు తెలియకుండానే నకలుకు నక్షత్రాలు వేస్తున్నాడు, అసలుకు వేయడం లేదు.

విదేశీ పెట్టుబడి ఉన్న ఇటువంటి వేదికలు తమ సొంత సరుకును నిల్వ చేసి మనకు అమ్మరాదని, ఇతరుల సరుకుకు వేదికగా మాత్రమే ఉండాలని మన ప్రభుత్వం 2016లో నిబంధన పెట్టింది. 2018 డిసెంబరులో దానిని బిగించి 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు చేసింది. కొందరు విక్రేతలనే ముందుకు నెట్టుతున్నారని ఢిల్లీ వర్తకులు ఫిర్యాదు చేయగా, 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకు ఆదేశించింది. కాబట్టి “త్వరగా తెచ్చేవాడు సమర్థుడు” అనే మాట అమాయకమైనది కాదు. ఎవరి సరుకు ముందు వరుసలో ఉండాలో నిర్ణయించే శక్తి ఎవరి చేతిలో ఉన్నదనే పెద్ద ప్రశ్నను ఆ చిన్న మాట కప్పిపెడుతున్నది.

మా ఊరి సంగతికి వస్తాను. నకరికల్లు అడవిలో లేదు. అద్దంకి నుంచి నార్కెట్‌పల్లి పోయే పెద్దరోడ్డు ఒరసుకొని ఉన్నది. హైదరాబాదు నుంచి ఒంగోలు, నెల్లూరు వైపు పోయే లారీలెన్నో మా అడ్డరోడ్డు మీదుగానే పోతాయి. అయినా మాకు రావలసిన పార్సెలు గుంటూరో విజయవాడో చేరి, అక్కడినుంచి నరసరావుపేట వచ్చి, అక్కడ కాసేపు విశ్రమించి, సుమారు 20 కిలోమీటర్లు వెనక్కి రావాలి. మరి రోడ్డు లేదని, ఊరు వెనుకబడినదని అనే మాటకు ఆధారమేమిటి? రోడ్డు ఉన్నది. లారీ పోతున్నది. ఆగడానికే దానికి కారణం లేదు.

ఆ కారణం లేకపోవడం ఒక లెక్క. అనుకోవడానికి ఒక అంకె వేసుకుందాము. నరసరావుపేట వీధుల్లో ఒక కుర్రవాడు ఒక పూటలో అరవై ఇళ్ళకు పంచగలడు. అదే కుర్రవాడు నకరికల్లు వచ్చి, చల్లగుండ్ల, కుంకలగుంట తిరిగి పది ఇళ్ళకు పంచితే పెట్రోలు ఖర్చే తేలదు. అందుచేత ఆ పది కాస్తా ముప్పై అయ్యేదాకా ఆపుతారు. ఆ ఆపడమే మన ఫోనులో ‘ఆలస్యానికి చింతిస్తున్నాము’ అనే వాక్యంగా అవతరిస్తుంది. తెలుగు పంతులును కాబట్టి అడుగుతున్నాను, ఆ వాక్యంలో కర్త ఎవరు? చింతించేది ఎవరు? ఆపింది ఎవరు? కర్త లేని వాక్యాలు రాయడంలో ఈ సంస్థలు మా పరవస్తు చిన్నయసూరినే మించిపోయాయి.

ఇక పిన్‌కోడు. ఏ యాప్ తెరిచినా మొదట అడిగేది ఆ ఆరంకెలే. ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మన దేశంలో మొదలైంది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలావారి ఉన్నతాధికారి మాత్రమే కాదు, సంస్కృతంలో కావ్యనాటకాలు రచించిన కవి. ఒకే పేరున్న ఊళ్ళు, పలు లిపులు, అర్థంకాని చేతిరాతలు, వీటి నడుమ ఉత్తరం దారి తప్పకూడదని ఆయన ఈ అంకెల ఏర్పాటు చేశారు. దాని విలువ నాకు బాగా తెలుసు. నల్లగొండ జిల్లాలో నకిరేకల్ ఉన్నది. ఆంగ్లంలో రాస్తే మా ఊరూ ఆ ఊరూ అన్నదమ్ముల్లాగ కనబడతాయి. నాకు రావలసిన నిఘంటువుల కట్ట ఒకసారి ఆ ఊరు చూసి మరీ వచ్చింది. తెచ్చిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అంకెలు చూసి ఉంటే ఆ తీర్థయాత్ర తప్పేది. వారిది 508తో, మాది 522తో మొదలవుతుంది.

ఒక కవి మనుషులను కలపడానికి కట్టిన ఆ అంకెలే ఈనాడు మనుషులను విడదీయడానికి వినియోగపడుతున్నవి. ఫలానా పిన్‌కోడుకు రేపు, ఫలానా పిన్‌కోడుకు వారం, ఫలానా పిన్‌కోడుకు “ఈ వస్తువు మీ ప్రాంతానికి పంపబడదు.” పుట్టుకను బట్టి పంక్తిలో చోటు నిర్ణయించే పాత దురాచారం పోయిందనుకుంటే అంకెల రూపంలో మళ్ళీ వచ్చింది.

ఇందులో మనవైపు తప్పు ఏమీ లేదా అంటే, ఉన్నది. పార్సెలు వచ్చాక డబ్బు ఇచ్చే పద్ధతిలో ఆర్డరు పెట్టి, తీరా కుర్రవాడు గుమ్మం ముందుకు వస్తే వద్దని తిప్పిపంపేవాళ్ళు మా పల్లెల్లో తక్కువ కాదు. రాకపోకల ఖర్చు అమ్మినవాడి నెత్తిన పడుతుంది. అటువంటి తిరుగుటపాలు ఎక్కువైన ఊళ్ళకు అమ్మేవాళ్ళు వెనుకాడతారు. ఇది మానుకోవలసిన అలవాటు. కాని దీనివల్ల కొందరు విక్రేతలు ఎందుకు జంకుతున్నారో తెలుస్తుంది గాని, ముందే డబ్బు కట్టినవాడికి కూడా వారం ఎందుకు పడుతున్నదో తెలియదు.

ఇప్పుడు అందరూ కళ్ళింత చేసుకొని చెప్పే పది నిమిషాల సంగతి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా శిష్యుడొకడు ఫోనులో అన్నాడు, “మాస్టారూ, మాకు పాలు పొంగేలోపు పంచదార వస్తున్నది. మీ ఊరు మారదండీ.” ఆ అబ్బాయికి చెప్పిన సమాధానమే ఇక్కడా చెబుతున్నాను. బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ వంటివి చేసేది ఇంద్రజాలం కాదు. జనం కిక్కిరిసిన పేటలలో, రెండు మూడు కిలోమీటర్లకు ఒకటి చొప్పున, గిరాకీలు కాలు పెట్టని చిన్న గోదాములు పెట్టారు. వాటిని ‘డార్క్ స్టోర్’ అంటారు, చీకటి కొట్టు అన్నమాట. ఆర్డరు రాగానే ఒకరు అరలోంచి తీస్తారు, ఒకరు తెస్తారు. అంతే.

అదే నిజమైతే ఈ విద్య కనిపెట్టింది మన వీధి కిరాణా కొట్టు. మా ఊళ్ళో పిల్లవాడిని పంపితే ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె పది నిమిషాలు పట్టకుండా వస్తున్నవి. ఇది నా చిన్నతనం నుంచీ జరుగుతున్నదే. ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్న ఇంటికి కొట్టు కుర్రవాడే తెచ్చి ఇస్తాడు. పైగా అది వెలుతురు కొట్టు. యజమాని ముఖం కనబడుతుంది. తూకం కనబడుతుంది. పంట చేతికి వచ్చేదాకా ఖాతా రాసుకునే పుస్తకం ఉంటుంది. ఏ యాప్ అయినా మిర్చి కోత దాకా అప్పు నిలుపుతుందా? వేగమే గొప్ప అయితే మొదటి బహుమానం ఈ కొట్టుకు రావాలి. రాలేదు. ఎందుకంటే కొట్టువాడు ప్రకటన వేయించలేదు.

ఆ చీకటి కొట్ల యజమానులు ఒక సమాధానం చెబుతారు. మా కుర్రవాళ్ళు పరుగెత్తనక్కరలేదు, దూరమే తక్కువ అంటారు. ఇందులో నిజం ఉన్నది, పైగా అది నా వాదాన్నే బలపరుస్తున్నది. అయితే వారు చెప్పనిది ఒకటి ఉన్నది. ఆ కుర్రవాడికి ఇచ్చేది నెలజీతం కాదు, ఎక్కువగా తెచ్చిన ఆర్డరుకు ఇంత అని. ఒక్క ఆర్డరును పది నిమిషాల్లో చేర్చడానికి అతడు ఉరకనక్కరలేకపోవచ్చు. ఇల్లు గడవడానికి కావలసినన్ని ఆర్డర్లు ఒక రోజులో చేర్చడానికి ఉరకక తప్పదు. 2025 డిసెంబరు 25న, 31న దేశంలో పలుచోట్ల ఈ కార్మికులు సమ్మె చేశారు. వారి కోరికలలో ఈ పది నిమిషాల పద్ధతి పోవాలన్నది ఒకటి. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి సంస్థలతో మాట్లాడిన మీదట బ్లింకిట్ తన ప్రకటనలోంచి ఆ పది నిమిషాల మాట తీసివేసింది. సంతోషమే. కాని మాట తీసివేసినంతనే అర్థం పోదు. వ్యాకరణంలో అధ్యాహారం అని ఒకటి ఉన్నది. పలకని పదాన్ని వినేవాడు తానే తెచ్చుకుంటాడు. కొనేవాడి మనసులో ఆ పది నిమిషాలు కుదురుకున్న తరువాత గోడమీద రాయకపోయినా ఒకటే.

ఆ కుర్రవాళ్ళు ఎవరు? అందులో మా పల్నాటి పిల్లలు లేరా? నీళ్ళు లేక, కౌలు కిట్టక, చదువుకు తగిన కొలువు దొరకక హైదరాబాదు, విజయవాడ చేరినవాళ్ళు. వారి కోసం 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఒకటి ఉన్నది. అది 2025 నవంబరు 21న గాని అమలుకు రాలేదు. సంస్థలు తమ ఏడాది రాబడిలో 1 నుంచి 2 శాతం వీరి సంక్షేమానికి చెల్లించాలని అందులో ఉన్నది. పంచదార పది నిమిషాల్లో, చట్టం అయిదేళ్ళకు! ఈ దేశంలో ఎవరి ఆకాంక్షకు సన్నిధి ఉన్నదో, ఎవరి ఆకాంక్షకు లేదో దీనిని బట్టి తెలుసుకోవచ్చు.

“కంపెనీలు ధర్మసత్రాలు కావు మాస్టారూ, నష్టానికి పల్లెలు తిరగమంటారా?” అని అడిగేవారు ఉన్నారు. తిరగమనను. రెండు ఉదాహరణలు మాత్రం ముందు పెడతాను.

ఒకటి మన రాష్ట్రంలోని పింఛను. 2020 ఫిబ్రవరి 1 నుంచి వాలంటీర్ల చేతా, 2024 జూలై నుంచి గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగుల చేతా నెల మొదటనే ముసలివారి ఇంటికి వెళ్ళి ఇప్పిస్తున్నారు. 60 లక్షలకు పైబడిన చేతులు. మా ఊరికీ, మా పక్క తండాకూ, విశాఖపట్నానికీ ఒకటే తేదీ. ఏ పార్టీ గొప్పా చెప్పడం నా ఉద్దేశం కాదు, ఇద్దరూ చేశారు. ఎలా సాధ్యమైంది? పంచేవాడు ఊళ్ళోనే ఉన్నాడు. గుంటూరు నుంచి ఇరవైమందిని మోటారుసైకిళ్ళ మీద పంపి ఉంటే నెలాఖరుకు గాని తేలేది కాదు.

రెండవది తపాలా. పార్సెలు చేతికి ఇచ్చి డబ్బు తీసుకొనడం కొత్త విద్య అని నేటివారు అనుకుంటున్నారు. మన దేశపు తపాలాలో వి.పి.పి. పద్ధతి 1877లోనే వచ్చింది. మద్రాసు వావిళ్ళవారి పుస్తకాలు తెలుగు పల్లెలకు చేరిన దారులలో అది ముఖ్యమైనది. నేటికీ దేశంలో లక్షా అరవై వేలకు పైబడిన తపాలా కార్యాలయాలలో పదింట తొమ్మిది పల్లెలలోనే ఉన్నవి. ఏ కంపెనీకీ లేని సన్నిధి అది. దానిని నడిపే గ్రామీణ డాక్ సేవకుడికి పూర్తి ఉద్యోగి హోదా కూడా లేదు. ప్రజల సొమ్ముతో నిర్మించిన రోడ్డూ, ప్రజల సొమ్ముతో నిర్మించిన పిన్‌కోడూ వాడుకునే సంస్థలు లాభం లేని ఊళ్ళను మాత్రం ఆ డాక్ సేవకుడికి వదిలేసి, లాభం ఉన్న వీధులను తాము ఉంచుకుంటున్నవి. ఆపైన తపాలావారు నిదానమని నవ్వుతున్నవి! ఇది న్యాయమా?

దారి లేకపోలేదు. అమెజాన్ 2015లోనూ, ఫ్లిప్‌కార్ట్ 2019లోనూ ఊరి కొట్టువాళ్ళనే పంపిణీదారులుగా చేర్చుకునే పథకాలు పెట్టాయి. కొట్టులో ఒక మూల పార్సెళ్ళు దింపితే, ఊరంతా ఎరిగిన ఆ కొట్టువాడు తీరిక వేళ పంచుతాడు. తోడుగా నాలుగు రాళ్ళు అతడికీ వస్తాయి. ఎక్కడైతే ఇటువంటి ఏర్పాటు నిలబడిందో అక్కడ ఆ సంస్థ త్వరగా తెస్తుంది, లేనిచోట అదే సంస్థ ఆలస్యంగా తెస్తుంది. చూశారా, సంస్థ మారలేదు, సన్నిధి మారింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమైనప్పుడు కలెక్టరు కచేరి మాకు దగ్గరైంది. అలాగే ఒక్క గోదాము నరసరావుపేటలో, ఒక్క అర నకరికల్లు కొట్టులో పెడితే మా పార్సెలుకు రెండు మజిలీలు తగ్గుతాయి.

అయితే ఆ అరలో ఏమి పెట్టాలి? నా దృష్టిలో ఈ వాదమంతటికీ కీలకం ఇదే. పట్నంలో పది నిమిషాల్లో వచ్చే ఆలుగడ్డ వేపుడు పొట్లం మా ఊరికి పది రోజులకు వచ్చినా ఎవరికీ నష్టం లేదు. నాట్ల వేళ కాలిపోయిన మోటారు విడిభాగం రెండు రోజులు ఆగితే మడి ఎండుతుంది. పరీక్ష ముందు రావలసిన పుస్తకం పరీక్ష తరువాత వస్తే ఒక పిల్ల ఏడాది పోతుంది. ఇన్సులిన్ చల్లగా ఉండవలసిన మందు. రెంటచింతల ఎండలు ఎరిగిన పల్నాడులో మే నెలలో అది ఏ రేకుల షెడ్డులోనో ఒక పూట పడి ఉంటే, వచ్చేది మందు కాదు, సీసా. వేగం అవసరమైనచోట లేదు. అవసరం లేనిచోట దానికోసం ప్రాణాలు ఒడ్డుతున్నారు. లాభాన్ని బట్టి గాక అవసరాన్ని బట్టి సన్నిధి కల్పించమని అడిగే హక్కు మనకు ఉన్నది.

కనుక చదువరులారా, నా మనవి ఇది. ఏ యాప్‌లోనైనా ఒక వస్తువు పక్కన “ఎన్నాళ్ళకు వస్తుంది” అని రాసినట్లే “ఇప్పుడు ఎక్కడ ఉన్నది, ఎవరు అమ్ముతున్నారు, ఎవరు తెస్తారు” అనేది కూడా కొనకముందే తెలుగులో రాయాలి. ఇవ్వలేని తేదీ ఇవ్వరాదు. తెచ్చేవాడి కూలి నిమిషాలకు ముడిపెట్టరాదు. మందులు, పాఠ్యపుస్తకాలు, సేద్యపు విడిభాగాలు, ఈ మూడింటికైనా పిన్‌కోడు భేదం ఉండరాదు. అవసరమైతే తపాలాతో పొత్తు పెట్టుకోవాలి, దానికి తగిన ప్రతిఫలం డాక్ సేవకుడికి ముట్టాలి. మనం చేయవలసినది కూడా ఉన్నది. ఊరి కొట్టులో దొరికేది ఊరి కొట్టులోనే కొనాలి. ఆర్డరు పెట్టిన సరుకును తిప్పిపంపరాదు. చిరునామాలో ఆరంకెలూ సరిగా రాయాలి. అత్యవసరం కానిదానికి “రేపే కావాలి” అనే గడి మీద వేలు పెట్టరాదు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు అన్నారు. ఈ కాలంలో పాలు తాగేవాడు ఒకడు, పరుగెత్తేవాడు ఇంకొకడు. నిలబడి నీళ్ళకోసం ఎదురుచూసే ఊరు మరొకటి. ఆ ముగ్గురినీ ఒక్కచోట నిలబెట్టి చూడనంతకాలం, త్వరగా తెచ్చే కంపెనీ ఏది అనే చర్చకు అర్థం లేదు. ఇకమీదట ఎవరైనా “మాకు ఎంత త్వరగా వచ్చిందో!” అంటే వెంటనే అడగండి, “ఎక్కడినుంచి వచ్చింది? ఎవరి చేతుల మీదుగా వచ్చింది?” జవాబు తెలియకపోతే ఆ వేగాన్ని మెచ్చుకొనే పని కొంతకాలం వాయిదా వేసుకోవచ్చు. దానికేమీ తొందర లేదు.